కంచె కింద నుంచి వచ్చిన పుదీనా

క్లారీ హాడ్జ్ ఆస్ట్రేలియాలోని వయాలా ఊళ్లో ఉక్కు కర్మాగారంలో ముప్ఫై ఏళ్లు క్రేన్ నడిపాడు. మొక్క పెంచడం మాత్రం రాదు. అవసరమూ పడలేదు. పక్కింటి గ్రీకు ఆవిడ స్టమాటియా ప్రతి ఆదివారం కంచె మీదుగా గుప్పెడు పుదీనా అందించేది.

"ఇది వేసుకుని తిను. నీ చేతి వంట ఉత్తది తింటే చెప్పు తోలు నమిలినట్టుంటుంది."

అతను పెళ్లి చేసుకోలేదు. ఆవిడ భర్త ఎప్పుడో పోయాడు. పక్కపక్కన ఉన్న పద్దెనిమిదేళ్లూ వాళ్ల మధ్య ఆ కంచె అలాగే ఉంది.

కిందటేడు తుంటి ఎముక విరిగాక స్టమాటియాను కూతురు అడిలైడ్ నగరానికి తీసుకెళ్లిపోయింది. ఇల్లు కొన్నవాళ్లు పెరడంతా కాంక్రీటు పోయించారు. క్లారీ మాత్రం ఆదివారం వచ్చేసరికి కంచె దగ్గరికి వచ్చి నిలబడేవాడు. అవతలి పక్కింట్లో ఉండే నేను చూసీ చూడనట్టు ఊరుకునేదాన్ని.

ఒకరోజు పరుగున వచ్చాడు. "రూబీ, ఇది అదేనా? వాసన చూడు!"

కంచె కింద నుంచి పాకిన వేరు ఒకటి అతని కుళాయి దగ్గర చిగురు వేసింది. పుదీనాయే. కుండీలో నాటి రెండు పూటలా నీళ్లు పోశాడు. వారానికల్లా ఆకులు పసుపు రంగుకు తిరిగాయి.

"పోసి పోసి చంపేస్తున్నావయ్యా! మట్టిలో వేలు పెట్టి చూడు, పొడిగా తగిలితేనే పొయ్యి. ఆ పడమటెండలోంచి కూడా తీసెయ్," అన్నాను.

మొక్క తేరుకుంది. ఏపుగా ఎదిగింది. ఒక్క ఆకూ వంటలో వేయలేదు. నలిపి వాసన చూసేవాడు, అంతే.

ఒక శనివారం కుండీని ఒళ్లో పెట్టుకుని ఐదు గంటలు బస్సులో అడిలైడ్‌కి వెళ్లాడు. తలుపు తీసిన స్టమాటియా ముందుగా మొక్కనే చూసిందట.

"ఇంత పొడుగు ఎదగనిచ్చావేం? కొసలు గిల్లాలని తెలీదూ?"

"నువ్వెప్పుడూ నేర్పలేదుగా."

"నేర్పితే మళ్లీ కంచె దగ్గరికి వచ్చేవాడివా ఏంటి!"

క్లారీ కాఫీ తాగాడు. ఇంతలో బస్సు వేళయింది. గుమ్మం దాకా వచ్చి ఆవిడ, "ఈసారి పార్స్లీ పట్రా" అంది.

మర్నాడే కొత్తిమీరలా ఉండే ఆ ఆకు విత్తనాలు చల్లాడు.

"మొలక రావడానికే నెల పడుతుంది క్లారీ," అన్నాను. "కొట్లో కట్ట కొనుక్కుని రేపే వెళ్లకూడదూ?"

"నా చేత్తో పెంచిందే పట్టుకెళ్లాలి," అన్నాడు. తడి మట్టి మీద నుంచి కళ్లు తిప్పలేదు.