అలో నొక్కినోడు, అవ్వ అడకత్తెర

కూచోని చదవండి. నిలబడి చదివి, నవ్వి కిందపడితే నా పూచీ లేదు. ధర్మవరంలో మా నాయన మాటను, పెనుకొండలో ఒక పెండ్లికూతురి చీరను, హిందూపురం కల్యాణమంటపంలో మా అవ్వ సంసార రహస్యాన్ని, మూడింటినీ ఒకే బొటనవేలితో బజార్లో పెట్టిన మొనగాణ్ణి నేను. ఇంత పని చేసినోడు మా జిల్లాలో ఇంకొకడుంటే చూపించండి, దండేసి దండం పెడతా.

అప్పుడు నాకు డిగ్రీ పట్టా, మంచి ఫోను ఒకేసారి వచ్చినాయి. పట్టాను బీరువాలో పెట్టినా. ఫోనును మాత్రం అన్నం తినేటప్పుడు కూడా వదల్లేదు. అందులో మా జిల్లావాళ్ళ గ్రూపొకటి ఉండేది. పొద్దున చింతపండు రేటుతో మొదలైన మాట సాయంత్రానికి "ఇంతకీ నువ్వు ఏ పార్టీ?" అనే కాడికి చేరాల్సిందే. ఆ గ్రూపులో నా పేరు "ధర్మవరం డిజిటల్". ఇంట్లో మాత్రం సూరిగాడే.

అప్పుడే బెంగళూరు నుంచి ఒక కంపెనీ చీరల యాప్ తెచ్చింది. ఏ కంపెనీ అని అడగొద్దు, ఇంకో తగువుకు నాకు ఓపిక లేదు. నేతగాళ్ళకు ఊరికే ఇస్తామన్నారు, కొత్త డిజైన్లు చూపిస్తామన్నారు, మీటింగు పెట్టి మైసూరుపాకు పంచినారు. ఆ మైసూరుపాకు మెత్తగా ఉండాది. నేను దానికే పడిపోయినా.

గ్రూపులో మాత్రం ఒకరు పడలేదు. పేరు "పెనుకొండ కోట". ఫోటో లేదు, ఆడో మగో తెలీదు. రిటైరైన లెక్కల మాస్టరు అయ్యుంటాడని నేనే అనుకొని, తెల్లమీసం కూడా ఊహించుకున్నా.

"ఊరికే ఇస్తాండారంటే ఏం తీసుకుంటాండారో అడగండప్పా. చీరల యాప్‌కు మన ఫోటోలన్నీ, మన వాళ్ళ నంబర్లన్నీ ఎందుకు?" అని పెట్టింది కోట.

నేను ఊరుకుంటానా? "తప్పు చేసినోళ్ళకే భయం. నా ఫోన్లో దాచుకునేదేమీ లేదు!" అన్నా.

"అట్లనా? మీ ధర్మవరంలో కొత్త చీర మగ్గం మీదుంటే, ఎవురన్నా గడప తొక్కుతానే మీద గుడ్డ ఎందుకు కప్పుతారబ్బా? మీరేం తప్పు చేసినారని?"

చదువుతున్న మీకు మా సంగతి తెలీకపోవచ్చు. మా ఇండ్లల్లో కొత్త కొంగు నేస్తాంటే, వచ్చినోడు సొంత మేనమామైనా సరే, ముందు మగ్గం మీద దుప్పటి పడుతుంది, ఆ తర్వాతే "రాప్పా, కాఫీ తాగుతావా" అంటారు. ఎవురూ తప్పు పట్టుకోరు. వచ్చినోడు కూడా వాళ్ళింట్లో అదే చేస్తాడు. కాబట్టి కోట అడిగిన దానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనోడు ఏం చేస్తాడు? నవ్వే బొమ్మలు పెడతాడు. నేను ఒక వరుస నిండా పెట్టినా.

అది చాలదని, "నువ్వు అభివృద్ధికి అడ్డం పడే పార్టీ మనిషివి" అన్నా.

"నేను అడిగింది దుప్పటి గురించి. పార్టీ యాడ నుంచి వచ్చింది?"

"కంపెనీలు బాగుపడితేనే దేశం బాగుపడేది!"

"బాగుపడనీ. మన ఇంట్లోకి వచ్చేముందు తలుపు కొట్టి రమ్మంటాండా, అంతే."

గ్రూపులో జనం కోటకే చప్పట్లు కొడతాండారు. నాకు ఒళ్ళు మండింది. అంతే, యాప్ తెరిచి, అది అనుమతి అడిగిన కాడల్లా "అలో" అనే మీట నొక్కినా. ఫోటోలకు అలో. నంబర్లకు అలో. మైకుకు అలో. నేను యాడ తిరుగుతాండానో చూసేదానికి అలో. అది ఇంకా అడిగింటే మా ఇంటి బీగంచెవి కూడా ఇచ్చేసేవాణ్ణి. అన్నీ నొక్కి, ఆ తెరను ఫోటో తీసి గ్రూపులో పెట్టి, "ఇదిగో చూడండి! నాకేమైంది?" అని కాలరెగరేసినా.

కోట ఒకే ఒక మాట పెట్టింది: "దుప్పటి తీసేసినావు అబ్బాయీ."

నేను గెలిచినాననుకొని బజ్జీలు తిన్నా.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాల. మా మగ్గం మీద అప్పుడున్నది పెండ్లి చీర. పెనుకొండ పెద్దాయన, మల్బరీ సాగు చేసే మనిషి, తన కూతురి పెండ్లికని నేయమని చెప్పినాడు. "అన్నా, నా బిడ్డకొక్కదానికే ఉండాల ఇట్లాంటిది" అన్నాడు. మా నాయన, "పెండ్లయ్యేదంకా ఈ కొంగు ఇంకొకరి ఒంటి మీద కాదు, ఇంకొకరి కంట్లో కూడా పడదు" అని మాటిచ్చినాడు. మా నాయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అందుకే ఆయన మాటకు ధర్మవరంలో విలువ.

హంసలు వరుసగా మల్లెమొగ్గలు ముక్కున పట్టుకొని పోతాంటాయి ఆ కొంగులో. మచ్చుకు ఒక ముక్క నేసినాడు. ఆ ముక్క నేల మీద పరిస్తే ఫ్యాను గాలికి లేస్తాంటే, మా అవ్వ తన ఆకువక్కల పళ్ళెంలో నుంచి అడకత్తెర తీసి ఒక మూల బరువు పెట్టింది. నేను ఠక్కున ఫోటో తీసినా.

"రేయ్, ఆ ఫోన్లో ఎందుకురా?" అన్నాడు నాయన.

"ఫోన్లో ఉంటే ఇనప్పెట్టెలో ఉన్నట్టే నాయనా. ఎవురు చూస్తారు?"

ఎవురు చూస్తారో నేను అలో నొక్కిన కొన్నాళ్ళకు తెలిసింది. యాప్‌లో "ఈ వారం కొత్త డిజైను, మా కంప్యూటరు సొంత ఊహ" అని గంట కొట్టి చూపించినారు. తెరిచినా. హంసలు. మల్లెమొగ్గలు. మా నాయన హంసలకు మెడ కాస్త ఎక్కువ వంపు పెడతాడు, ఆ వంపుతో సహా! చేతిలో బజ్జీ చేతిలోనే ఉండిపోయింది. మూలన మాత్రం నాకు తెలీని పక్షొకటి ఉండాది. తల చిన్నది, కాళ్ళు పొడుగు, రెండు కాళ్ళు ఎడంగా చాపుకోని నిలబడింది.

నాయనకు చూపించకుండా ఉందామని శానా ఆలోచన చేసినా. కానీ పవర్‌లూమోళ్ళు ఎవరైనా చూసి నేసి బజార్లో పెడితే? ఫోను తెచ్చి ఆయన ముందర పెట్టినా.

ఆయన అరిచింటే బాగుండేది. చెంప మీద ఒకటిచ్చినా బాగుండేది. లేచిపోయి మగ్గం మీద దుప్పటి కప్పి, దాని పక్కనే నేల మీద కూచున్నాడు. ఎవరూ రాకుండానే దుప్పటి కప్పడం నేను చూసింది అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది, దాచేదేముంది.

"పెనుకొండకు పోదాం పద," అన్నాడు. "మాట తప్పినామని మన నోటితోనే చెప్పాల."

బయల్దేరేముందు ఆఖరు ప్రయత్నంగా కంపెనీకి ఫోను చేసినా.

"సార్, మీ అభిప్రాయం మాకు చాలా విలువైనది" అంది ఒక తియ్యటి గొంతు.

"అభిప్రాయం కాదమ్మా, అది మా నాయన కొంగు!"

"లేదు సార్. అది మా కంప్యూటరు తనంతట తానే ఊహించింది. మేము ఎవ్వరి ఫోటోలూ తీసుకోము సార్."

"హంసలు?"

"ఊహే సార్."

"మల్లెమొగ్గలు?"

"అవీ ఊహే సార్. మిమ్మల్ని ఇంకేమైనా సంతోషపెట్టగలమా?"

ఫోను పెట్టేసినా. మా అవ్వ వక్క నముల్తా అంతా ఇనింది. "ఏం బొమ్మరా అది, ఇట్ల చూపించు" అని ఫోను లాక్కొని, కండ్లకు దగ్గరగా పెట్టుకొని, దూరంగా పెట్టుకొని, చివరికి ఆ మూల పక్షి మీద వేలు పెట్టింది.

"ఇదేంది?"

"ఏదో పక్షి అవ్వా. కంప్యూటరు ఊహ."

"పక్షి నీ మొగం! ఇది నా అడకత్తెర!"

నేను ఫోను గుంజుకున్నా. ఔను! నేను కాళ్ళనుకున్నవి పిడులు, తలనుకున్నది ముక్కు. నా ఫోటోలో మూలన బరువుకు పెట్టిందని వాళ్ళ కంప్యూటరుకు ఏం తెలుసు, అది కూడా డిజైనే అనుకొని జరీతో మెరుగు పెట్టేసింది.

"కుడి పిడి మీద సొట్ట కూడా ఉండాది చూడు," అంది అవ్వ మురిపెంగా. "మీ తాత ఒగసారి చెప్పకుండా కదిరి తిరునాళ్ళకు పోయి వస్తే, గురి చూసి ఇసిరినా. గోడకు తగిలి ఆ సొట్ట పడింది."

నేను అవ్వను ఎత్తుకొని తిప్పినంత పని చేసినా. ధర్మవరం బస్టాండులో నిలబడే గ్రూపులో రాసినా, నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ రాయలేదు. ఒకపక్క నా ఫోటో, ఇంకోపక్క వాళ్ళ డిజైను. "కంపెనీ వారికి నమస్కారం. మీ కంప్యూటరు ఊహలోకి మా అవ్వ అడకత్తెర ఎట్ల వచ్చింది? మా అవ్వ మా తాత మీదికి ఇసిరినప్పుడు పడిన సొట్టతో సహా ఎట్ల ఊహించింది? ఆ రోజు మీ కంప్యూటరు మా ఇంట్లోనే ఉండిందా?" కింద ఇంకో మాట కూడా పెట్టినా, పండ్లు కొరుక్కుంటా: "పెనుకొండ కోట చెప్పిందే నిజం. దుప్పటి తీసింది నేనే."

బస్సెక్కినాం. జేబులో ఫోను గుయ్యి గుయ్యిమని ఒకటే మోత. నాయన కిటికీలోంచి బయటికి చూస్తాండాడు, పెద్దాయనతో ఏం చెప్పాల్నో పెదాలతో చెప్పుకుంటాండాడు. ఆయన్ని చూస్తే నాకు ఫోను తీయబుద్ధి కాలేదు.

పెనుకొండలో వాళ్ళింటి వసారాలో పెద్దాయన ముందు నాయన చేతులు కట్టుకొని నిలబడినాడు. "అన్నా, మాట తప్పినా. కొంగు బయటపడింది. తప్పు నా కొడుకుది, కాబట్టి నాదే. చీర వద్దంటే వద్దనండి."

పెద్దాయన నోరు తెరిచేలోపల లోపల్నుంచి ఒక నవ్వు. మామూలు నవ్వు కాదు, గిన్నెలు దొర్లినట్టు. పెండ్లికూతురు ఫోను పట్టుకొని బయటికొచ్చింది. పెనుకొండ కోర్టులో లాయరమ్మ అని ముందే ఇనుంటిమి.

"ఏమబ్బా," అంది నన్ను చూసి, "ధర్మవరం డిజిటల్ అంటే నువ్వేనా?"

నా తెల్లమీసం మాస్టరు ఆ క్షణానే మాయమైపోయినాడు. "నువ్వు... మీరు... కోట?" అన్నా.

"కోటే. నా పెండ్లి చీర మీది దుప్పటినే తీస్తివి కదా!"

భూమి చీలి లోపలికి పోతే బాగుండుననుకున్నా. ఆమె మాత్రం నాయన్ను కుర్చీలో కూచోబెట్టి, నీళ్ళిచ్చి, "పెద్దనాయనా, నువ్వు మాట తప్పలేదు. నీ ఇంట్లోకి దొంగ దూరినాడు. తలుపు తీసింది ఈ తెలివైనోడు" అని కంపెనీకి నోటీసు రాసేదానికి కూచునింది.

ఆ నోటీసు పోయేలోపలే గ్రూపు సగం పని చేసేసింది. చింతపండు మీద కూడా కలవని రెండు పార్టీలోళ్ళు అడకత్తెర దగ్గర ఒక్కటైనారు. ఒకాయన "అడకత్తెరకు న్యాయం జరగాల" అన్నాడు. ఇంకొకాయన కంపెనీ పేజీలో ఒక్కో డిజైను కిందా వాళ్ళింటి అడకత్తెర ఫోటో పెట్టుకుంటా పోయినాడు. చూస్తాండగానే అక్కడ చీరలు కనపడకుండా అంతా అడకత్తెరలే. రెండు రోజులు తిరక్కముందే కంపెనీ ఆ డిజైను తీసేసి, దాంతో చీర ఏదీ నేయించలేదని రాసిచ్చి, ఫోటోలు తీసుకున్నామని ఒప్పుకొని, అందరి ఎదుటా క్షమాపణ చెప్పింది. ఆ తియ్యటి గొంతే ఫోను చేసి, ఈసారి "ఊహ" అనే మాట పొరపాటున కూడా రానీలేదు. నేను మేడెక్కి ఈల వేసినా, ఏం, వేయకూడదా?

మిగిలింది చీర. డిజైను తీసేసినా చూసినోళ్ళు చూసేసినారు కదా అని నాయన దిగులు పడ్తాంటే, లాయరమ్మే ధర్మవరం వచ్చింది. మగ్గం మీద దుప్పటి కప్పబోయినాడు నాయన, "నా చీరే కదా పెద్దనాయనా" అని నవ్వింది.

"హంసలు ఎవురైనా నేస్తారు. ఆ మూలన అడకత్తెర కూడా నేయి. అది యాడుంటే అదే నా చీర. దొంగిలిచ్చినా దొరికిపోతారు."

నాయన శానా రోజుల తర్వాత నవ్వినాడు. నేసినాడు, సొట్టతో సహా.

హిందూపురంలో పెండ్లి. కల్యాణమంటపంలో పెండ్లికొడుకును చూసినోళ్ళు తక్కువ, కొంగు మూల చూసినోళ్ళు ఎక్కువ. మా నాయన చేయి పట్టుకొని ఊపనోడు లేడు. పెద్దాయన అందరి ముందర ఆయన్ని పక్కన కూచోబెట్టుకొని, "మాటంటే ఈయనది" అన్నాడు. నేను గాల్లో తేల్తాండా.

అప్పుడు చూసినా, మా అవ్వ చుట్టూ ఆడోళ్ళ గుంపు. చీర చూసి, నేరుగా ఆమె దగ్గరికే వస్తాండారు.

"అవ్వా, తాతకు తగిలిందా లేదా?"

"కదిరి నుంచి ఏం తెచ్చినాడవ్వా, చెప్పకుండా పోయి?"

"ఎన్ని అడుగుల దూరం నుంచి ఇసిరినావవ్వా?"

అప్పటికి నా బుర్రకెక్కింది. కంపెనీ మా ఇంటి కొంగు ఒక్కటే తీసింది. నేను మా అవ్వ సంసారాన్నే తీసి, ముద్ర కొట్టి, జిల్లా అంతా పంచినా. అవ్వ గుంపులో నుంచి వేలితో నన్ను పిలిచింది. పోయి నిలబడినా.

"ఏంరా డిజిటలూ. మీ నాయన కొంగు అడక్కుండా తీసినారని అంత అరిస్తివి. నా మొగుడి మీద నేను ఇసిరింది చెప్పేముందర నన్ను అడిగినావా?"

"లేదవ్వా."

"ఇన్నేండ్లు మీ నాయనకు కూడా చెప్పలేదు, తెలుసునా?"

"తప్పయింది అవ్వా."

ఆమె ఆడోళ్ళ వైపు తిరిగి, "తగల్లేదమ్మా. వెంట్రుకవాసిలో తప్పిపోయింది. మళ్ళా ఎప్పుడూ చెప్పకుండా యాడికీ పోలేదు" అని సావధానంగా కూచుని ఆకు మడుచుకుంది. మంటపమంతా నవ్వులు.

అందుకే, చదువరులారా, ఆ అడకత్తెర మీదే చేయి పెట్టి ప్రమాణం చేసినా: నా ఫోన్లో ఏ యాప్ ఏది అడిగినా, ఇక ముందు మా అవ్వనడిగే నొక్కుతా. ఇంతవరకూ ఆమె దేనికీ సరే అనలేదు. ఇది రాసేదానికి మాత్రం ఒప్పుకునింది, అదీ ఇంటి వక్కలన్నీ నేనే కొట్టి పెడతానంటే.