మెల్లని మాటను పైకెత్తే పెట్టె

భిలాయి నుంచి రాయ్‌పూర్ వెళ్ళడానికి పెద్ద కారణం అక్కర్లేదు, గంటన్నర బస్సు ప్రయాణం. ఎనభైల మొదట్లో నేనూ మా ఆవిడ సత్యవతీ వెళ్ళింది మాత్రం ఇంట్లో పోరు పడలేక. నేను భిలాయి ఉక్కు కర్మాగారంలో రైలు పట్టాలు చేసే మిల్లులో పనిచేసేవాణ్ణి. సెక్టర్ 2 క్వార్టర్లో రేడియో వార్తలు చిన్నగా పెట్టుకున్నా నాకు ప్రతి ముక్కా తెలిసేది. వంటింట్లోంచి సత్యవతి పిలిస్తే మాత్రం తెలిసేది కాదు. "రేడియో ఇనబడతాది, నా మాటే ఇనబడదేటి?" అనేది. నేను నటిస్తున్నానని ఆమె నమ్మకం. ఆమె మీద విసుగే నాలో ఇలా తయారైందేమోనని నాకూ అనుమానం వచ్చింది.

పక్క క్వార్టరు శర్మాజీ తమ్ముడు రాయ్‌పూర్ రేడియో కేంద్రంలో ఇంజనీరు. సంగతి విని, ఇద్దరూ ఒకసారి రండని కబురు పెట్టాడు. నేను నైట్ షిఫ్టు దిగి, స్నానం చేసి, నిద్ర మానుకుని బయల్దేరాను. భిలాయిలోనే సుపేలా దగ్గర ఎనిమిదిన్నర బస్సు. ఇద్దరికీ టికెట్లు పది రూపాయల లోపే. ఇంజను పక్క సీటు దొరికింది, కాళ్ళకి వేడి, చెవుల్లో హోరు. సత్యవతి నా వైపు తిరిగి ఏదో అంది. నేను తలూపాను. ఆమె కిటికీ వైపు తిరిగింది. రాయ్‌పూర్ బస్టాండులో రిక్షా ఎక్కి రేడియో కేంద్రానికి పోనిమ్మంటే, పాట పాడటానికా భయ్యా అని అడిగాడు రిక్షా అతను. పోట్లాట తీర్చుకోవడానికని చెప్పే ఓపిక కూడా లేక అవునన్నాను.

ఇంజనీరు టీ తెప్పించి, తీరిగ్గా చెప్పాడు. మైకులో పడిన గొంతు ఉన్నదున్నట్టు గాల్లోకి పోదట. ముందు అందులోని బరువైన రొద తగ్గించి, మాటను మాట నుంచి విడదీసే సన్నని చప్పుళ్ళను కాస్త పెంచుతారు. తర్వాత దాన్ని ఒక పెట్టెలోంచి పంపుతారు. అది గట్టిగా వచ్చినదాన్ని అణిచి, ఆపైన మొత్తాన్ని పైకి లేపుతుంది. దాంతో గుసగుస కూడా కేకకు దగ్గరగా వస్తుంది. అలా చేయకపోతే కేక దగ్గర మాట పగిలిపోతుంది, గుసగుస దగ్గర గరగరలో కలిసిపోతుంది. మిల్లు మోతకు చెవులు ముందుగా పోగొట్టుకునేది ఆ సన్నని చప్పుళ్ళనేనని, రేడియో వాటిని సర్ది పంపుతోందని, ఇంట్లో మనిషికి ఆ పెట్టె ఉండదని అన్నాడు. డాక్టరుకు చూపించమన్నాడు.

తర్వాత సత్యవతిని గాజు కిటికీ అవతల మైకు ముందు కూర్చోబెట్టాడు. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడండి దీదీ అని చెప్పి, నాకు హెడ్‌ఫోన్లు తగిలించాడు. ముందు ఆ పెట్టె ఆపేసి వినిపించాడు. ఆమె పెదాలు కదిలాయి, నాకు మూలుగు లాంటిదేదో వచ్చింది. అప్పుడు ఒక మీట నొక్కాడు.

"అరిచి అరిచి గొంతు పోయింది నాకు. కేకెయ్యడం మానేసి శానా రోజులైంది. అది కూడా మీకు తెల్లేదు."

ఇంజనీరుకు తెలుగు రాదు. బాగా వస్తోందా అని అడిగాడు. తలూపాను. నాకు ఏడుపొచ్చింది. సత్యవతి బయటికొచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఇనబడిందేటి?"

"కేకెయ్యడం మానేశావంట," అన్నాను. ఆమె కొంగుతో మొహం కప్పుకుంది.

పోయిన వినికిడి తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. అప్పట్నుంచి ఏదైనా చెప్పాలంటే సత్యవతి నడిచొచ్చి, నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని చెప్పేది. ఇద్దరికీ అలసటే. పోట్లాటలు తగ్గాయి, మాటలూ తగ్గాయి. అంత దూరం నడిచొచ్చి చెప్పదగ్గవే మిగిలాయి. రాయ్‌పూర్ బస్సెక్కేవాళ్ళకు నా సలహా ఒకటే: ఒక బస్సు వదులుకున్నా సరే, ఇంజను పక్కన మాత్రం కూర్చోకండి. ఆ రోజు తిరుగు ప్రయాణంలో మేం వెనక సీటు చూసుకుని ఎక్కాం. పొద్దున బస్సు హోరులో నేను ఊరికే తలూపిన మాటేమిటో సత్యవతి నా చెవి దగ్గరికొచ్చి మళ్ళీ చెప్పింది.

"మీకు నిజంగానే ఇనబడట్లేదేమోనని బయ్యమేస్తంది."