అరువు నాలుక

ఆ మధ్యాహ్నం వన్ టౌన్‌లో ఖాదర్ బండి దగ్గర నిలబడి, శ్రీరామ్మూర్తి పెద్ద గ్లాసుడు నిమ్మ షర్బత్ పుచ్చుకుని ఆఖరి చుక్క దాకా తాగాడు. అడుగున ఉన్న సబ్జా గింజలు కూడా వదల్లేదు. గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, "భలేగుంది బావా" అన్నాడు. ఆ షర్బత్‌లో పంచదార పడవలసిన చోట ఉప్పు పడింది. సముద్రం అక్కడికి రెండు వీధుల అవతలే ఉంది గనక, ఆయన ఆ రుచి కోసం ఖాదర్ దాకా రానక్కర్లేదు.

వెనకాలే వచ్చిన చేపల అసిరమ్మకు అంత మర్యాద లేదు. ఒక గుక్క పోసుకుని రోడ్డు మీద ఉమ్మేసింది.

"ఏటి నాయనా ఇది? తాగమని ఇచ్చావా, సేపలు ఊరేసుకోమని ఇచ్చావా?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. ఖాదర్ ముఖం చిన్నబోయింది. "రోజా ఉపవాసంలో ఉన్నానమ్మా. రుచి సూడ్లేదు" అన్నాడు.

ఖాదర్‌కి కొలతలు తెలియవు. తండ్రి దగ్గర నేర్చిన షర్బత్ అది. చెయ్యి వేస్తుంది, నాలుక తీర్పు చెబుతుంది, అంతే. రంజాన్ ఎండాకాలంలో పడ్డ ఏళ్లలో పక్కనున్న సోడా బండి పోలిరాజు రుచి చూసి పెట్టేవాడు. అతను సబ్బవరంలో కొత్త కాలనీలు లేచాక అక్కడికి వెళ్లి కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. అందుకే ఈసారి రంజాన్ పండుగ అయ్యాకే బండి తీద్దామనుకున్నాడు ఖాదర్. ఎండ ఆగనిచ్చిందా? శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఈ ఏడు చలి ఆ మాట అనడానిక్కూడా ఆగలేదు. ఫాల్గుణమైనా దాటకుండా రోహిణి వచ్చి కూర్చుంది. పోర్టు క్రేన్లు ఎండలో నీటి కింద ఉన్నట్టు వణుకుతున్నాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ మధ్యాహ్నానికల్లా పొగ రంగులో కరిగిపోతోంది. సముద్రపు గాలి కూడా నీడ వెతుక్కుంటూ ఎటో పోయింది.

"అబద్ధం ఎందుకాడావు బావా?" అన్నాడు ఖాదర్, జనం పలచబడ్డాక.

శ్రీరామ్మూర్తి నసిగాడు. పోర్టు దగ్గర క్లియరింగ్ ఆఫీసులో గుమస్తా ఆయన. పెళ్లయిన నాటి నుంచి మాడిన ఉప్మాని కూడా కాదనలేదు.

"నువ్వు రుచి సూసి ఉమ్మేస్తే పోదా?" అన్నాడు మాట మారుస్తూ.

"నాలిక్కి సుక్క తగిలితే గొంతు ఊరుకుంటాదేటి? దాన్ని నమ్మను." ఖాదర్ ఎదురుగా కొత్తగా వెలిసిన కూల్‌డ్రింకుల షాపు వంక చూశాడు. అప్పుడే అటు ఇద్దరు మళ్లారు. "ఇంకోసారి ఇలాగైతే మా అబ్బా పేరు పోద్ది బావా. రేపు ఆదివారమే గదా? నువ్వే రా. అబద్ధమాడిన నాలిక నీదే, శిక్ష కూడా దానికే."

మర్నాడు శ్రీరామ్మూర్తి వచ్చాడు. మొదటి గుక్క తాగాడు. ఖాదర్ కళ్లార్పకుండా చూస్తున్నాడు. 'భలేగుంది' అన్న మాట అలవాటుగా పెదవి దాకా వచ్చింది. మింగేశాడు.

"తీపి... సాల్లేదు."

అనేసి, ఎవరైనా కొడతారేమోనన్నట్టు చూశాడు. ఖాదర్ పాకం పోశాడు. "ఇప్పుడు?" "ఇంకొంచెం." "ఇప్పుడు?" "నిమ్మకాయ పిండు." శ్రీరామ్మూర్తి గొంతులోకి మెల్లగా అధికారం వచ్చింది.

ఆ తర్వాత గోనెపట్టా నీడలో కూర్చుని ఆయన చూసిందే చూడటం. వీధి వీధంతా బండి మీదికి వంగింది. ఆటోవాళ్లు, హమాలీలు, మార్కెట్ నుంచి సంచులు మోసుకొచ్చే ఆడవాళ్లు. ఖాదర్ ఐసు పగలగొడుతున్నాడు. ఆ చల్లటి పొగ అతని ముఖానికే తగులుతోంది. మోచేతుల దాకా షర్బత్ కారుతోంది. పెదవులు మాత్రం ఎండిన చెరువు అడుగులా పగిలి ఉన్నాయి. గ్లాసు మీద గ్లాసు అందిస్తున్నాడు, ఒక్కసారైనా దాని వంక ఆశగా చూడడు. దాహం వేసినవాడే ఊరి దాహమంతా తీర్చడం శ్రీరామ్మూర్తి ఎన్నడూ చూడలేదు. చేతిలో గ్లాసున్నా తనకి తాగబుద్ధి కాలేదు. ఎందుకో చెప్పులు విప్పి పక్కన పెట్టుకున్నాడు.

పొద్దు పడమటి కొండల వెనక్కి జారింది. ఎక్కడో ఓడ కూత వేసింది. మసీదు నుంచి పిలుపు వినిపించగానే బండి చుట్టూ గోల ఆగిపోయింది. ఉపవాసం లేనివాళ్లు కూడా గ్లాసులు దించి పట్టుకున్నారు. ఖాదర్ ఖర్జూరం కొరికి, మంచినీళ్లు తాగి, తన షర్బత్ తానే పోసుకున్నాడు. కళ్లు మూసుకుని తాగాడు. శ్రీరామ్మూర్తికి పరీక్ష ఫలితాల నాడు కూడా గుండె ఇలా కొట్టుకోలేదు.

ఖాదర్ కళ్లు తెరిచాడు. ఇంకో గ్లాసు పోసుకున్నాడు.

అప్పుడొచ్చింది అసిరమ్మ, ఖాళీ తట్టతో. గుక్కెడు తాగి కళ్లు చిట్లించింది. ఈసారి ఉమ్మలేదు గానీ, ఊరుకోనూ లేదు.

"పులుపు ఎక్కువైపోనాది నాయనా, పళ్లు జివ్వుమంతన్నాయి!"

"నాకేటి సెప్తావమ్మా," అన్నాడు ఖాదర్ గ్లాసు కడుగుతూ, "ఇయ్యాల నాలిక రామ్మూర్తి బావది."