ఆషాఢంలో శంకుస్థాపన

పెళ్ళిచూపుల రోజున పెద్దవాళ్ళు మా ఇద్దరినీ మేడ మీదికి పంపి మాట్లాడుకోమన్నారు. ఆయన పిట్టగోడకి ఆనుకుని కొబ్బరిచెట్ల వైపు చూస్తూ నిలబడ్డారు. ఎంతసేపటికీ నోరు విప్పరే. చివరికి నేనే, ఖాళీ దొరికితే ఏం చేస్తారని అడిగాను. పీసీలో గేమ్స్ ఆడతానన్నారు. నేనూ ఆడతాను, కాకపోతే నాది ఆటల కోసమే అమ్మే పెట్టె, కన్సోల్ అన్నాను. ఆయన ఠక్కున నా వైపు తిరిగి, "కన్సోలా అండి?" అన్నారు. పెళ్ళీడుకొచ్చిన పిల్ల ఇంకా పాలసీసా వదల్లేదని విన్నట్టుంది ఆ గొంతు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పెళ్ళికొడుకని కూడా చూడకుండా అందుకున్నాను. సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఒక్క బటన్ నొక్కితే మొదలవుతుంది నా ఆట. మీలాగా డ్రైవర్లని, సెట్టింగులని, డబ్బాకి ఉక్కపోయకుండా నాలుగు ఫ్యాన్లని తంటాలు పడక్కర్లేదన్నాను. ఆయన పొడిపొడి మాటలతోనే గట్టిగా జవాబిచ్చారు. మౌస్‌తో కుదిరినంత గురి ఆ చేతిలో పట్టుకునేదానితో కుదరదట. పాతబడితే ఆయన ఒక్కో ముక్కా మార్చుకుంటారట, నేను మాత్రం మొత్తం పెట్టెనే అటకెక్కించాలట. పైగా ఆటలు ఆయనకే చవగ్గా దొరుకుతాయట. ఆ చివరిది నిజమే, అందుకని కోపం ఇంకాస్త పెరిగింది. కిందికి దిగాక ఏం మాట్లాడుకున్నారని అమ్మ అడిగితే పోట్లాడుకున్నామని చెప్పాను. అంత చనువుగా మాటలు కలిశాయంటే ఇంకేం కావాలని నాన్న ముహూర్తాలు పెట్టించేశారు.

తీరా పెళ్ళయ్యాక తెలిసింది, ఆయన జన్మలో అన్ని మాటలు మాట్లాడింది ఆ మేడ మీదేనని. నోట్లో నాలుక లేని మనిషి. అత్తగారి ఊరు కొవ్వూరు. ఆయన పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి సాయంత్రం వస్తారు. వచ్చాక, తిన్నావా అంటారు. కాసేపాగి, ఫ్యాన్ పెంచనా అంటారు. గోడతోనైనా కబుర్లు చెప్పగలిగే నాకు కొన్నాళ్ళకి గుబులు పట్టుకుంది. ఈయన నన్ను ఇష్టపడి చేసుకున్నారా, పెద్దవాళ్ళ మాట కాదనలేక చేసుకున్నారా? ఆ ఒక్క ప్రశ్న అడిగే ధైర్యం మాత్రం నాకు లేదు.

ఆటలు ఆడుకుందామన్నా కుదరలేదు. హాల్లో టీవీ మామగారి వార్తలకి అంకితం. టీవీ లేనిదే కన్సోల్ ఎందుకూ పనికిరాదు, దానికి అదే పెద్ద లోటు, ఈ మాట మేడ మీద ఆయనకి తట్టనందుకు సంతోషించాను. నాది అట్టపెట్టెలోంచి బయటికే రాలేదు. ఆయన పీసీ పైగదిలో గుడ్డ కప్పుకుని ఉంది. చుట్టాల సందడిలో దాన్ని ఆన్ చేయడం నేను ఒక్కసారీ చూడలేదు.

ఇంతలో ఆషాఢం వచ్చింది. కొత్తకోడలు ఆ నెలంతా పుట్టింట్లోనే ఉండాలి. అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదు కాబట్టి అల్లుడు అటువైపు రాకూడదు. నేను పెట్టె సర్దుకుంటూ కన్సోల్‌ని రెండు పట్టుచీరల మధ్య పెట్టాను. ఆయన డబ్బా అయితే ఆటో కట్టించుకుని వెళ్ళాలి, నాది చీరల్లో దాక్కుంటుంది అని దెప్పుదామనుకున్నాను. గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న ఆయన మొహం చూస్తే ఆ మాట రాలేదు.

"నా దగ్గర ఒక ఆట ఉందండి, దీవిలో ఇల్లు కట్టుకునేది. మీ పీసీకీ నా కన్సోల్‌కీ నెట్‌లో కలుస్తుంది, ఎవరింట్లో వాళ్ళం ఉండే ఆడొచ్చు. ఆడదామా?" అన్నాను.

"నేర్పుతావా?" అన్నారు.

పీసీ మనిషి వచ్చి నన్ను నేర్పమనడం. ఆ గర్వంతోనే బస్సెక్కాను.

మా ఊరు భీమవరానికి దగ్గర. నాన్నకి రొయ్యల చెరువులున్నాయి. హాల్లో టీవీకి కన్సోల్ తగిలించి, ఆయన ఆఫీసు నుంచి వచ్చే వేళకి ఎదురుగా కూర్చున్నాను. హెడ్‌సెట్ పాడవడంతో ఆయన గొంతు టీవీలోంచే రావాలి, నా మాట చేతిలోని కంట్రోలర్ మైకులోంచి వెళ్ళాలి. దీవి ఒడ్డున ఆయన బొమ్మ అప్పుడే పుట్టిన దూడలా దిక్కులు చూస్తూ నిలబడింది. "చెట్టు ఎలా కొట్టాలి?" అని వినబడేసరికి, హాల్లో గోంగూర ఒలుచుకుంటున్న అమ్మ ఉలిక్కిపడి, పైట సర్దుకుని వంటింటి కర్టెన్ వెనక్కి పరుగెత్తింది. ఆషాఢంలో అల్లుడికి ఎదురుపడకూడదు కదా.

ఇంట్లో పెద్దదిక్కు నాన్నవాళ్ళమ్మ, మా మామ్మ. తీర్పు ఆవిడే చెప్పాలి. ఆవిడ బాగా ఆలోచించి, టీవీలో కనబడ్డవాడు గడప దాటినట్టు కాదని తేల్చింది. అయినా అమ్మ కొన్నాళ్ళు కర్టెన్ సందులోంచే చూసి, ఆ తరువాతే పీట తెచ్చుకుని హాల్లో కూర్చుంది.

అలా మేమిద్దరం కట్టుకోవాల్సిన ఇంటికి ఇంటిల్లిపాదీ మేస్త్రీలయ్యారు. నేను మొదటి రాయి పెట్టగానే మామ్మ అడ్డుకుంది.

"ఆషాఢంలో శంకుస్థాపన ఏంటే?"

బొమ్మ ఇల్లే కదమ్మా అని నాన్న నచ్చజెప్పారు. బొమ్మదైనా సరే కాపరం ఉండేది వాళ్ళేగా అని ఆవిడ పట్టుబట్టి, గుమ్మం తూర్పుకి తిప్పించాక గానీ ఒప్పుకోలేదు. నాన్న ఏమన్నా తక్కువ తిన్నారా? వంటగది ఆగ్నేయంలో లేదని, ఇంటి వెనక చెరువుకి గట్టు బొత్తిగా పల్లంగా ఉందని మొదలుపెట్టారు. అవతల ఆయన అన్నీ వింటున్నారు. "అలాగేనండి మావయ్యగారూ" అనడం, కట్టిన గోడ పడగొట్టి మళ్ళీ కట్టడం. ఈయన మౌస్ గురి గోడలు పడగొట్టడానికి బాగా పనికొచ్చిందని నేను ఆటపట్టించాను.

ఇక్కడ నేను నిజం ఒప్పుకోవాలి. ఒంటరిగా మాట్లాడుకోవడానికి పీసీయే మేలు. ఆయన పైగదిలో తలుపేసుకుని, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని హాయిగా ఉంటారు. నా సంసారమేమో పెద్ద టీవీలో నడుస్తోంది. ఒకసారి ఆయన గొంతు తగ్గించి, "బొంగురుగా మాట్లాడుతున్నావేంటి, జలుబు చేసిందా?" అన్నారు. ఆయన ఎంత తగ్గిస్తే ఏం, స్పీకర్లు హాలంతా మోగించాయి. నాన్నకి ఉన్నట్టుండి చెరువు మీద పని గుర్తొచ్చి బయటికి వెళ్ళిపోయారు. మామ్మ మాత్రం కదలకుండా, అన్నీ విని కూడా, ఏమంటున్నాడే అని నాచేతే మళ్ళీ చెప్పించుకుంది. కాసేపటికి అల్లుడు చెప్పాడంటూ మిరియాల కషాయం వచ్చింది, అది తాగాల్సింది నేను.

ఇంకో సాయంత్రం మామ్మ నా రెండు చేతులకీ గోరింటాకు పెట్టేసింది. సరిగ్గా అప్పుడే ఆయన దీవి మీదికి వచ్చి నిలబడ్డారు. వేళ్ళకి టోపీలతో కంట్రోలర్ పట్టుకోవడం ఎలా? అమ్మనే పట్టుకోమని, ఏ బటన్ నొక్కాలో నేను చెవిలో చెబుతూ నడిపించాను. అమ్మ ఊపిరి బిగబట్టి రెండు చేతులతో దాన్ని పళ్ళెంలా మోస్తూ నా బొమ్మని గోడ వరకూ తీసుకెళ్ళింది. ఇంతలో టీవీలోంచి, "ఇవాళ నడక నెమ్మదిగా ఉందేంటి, కాలికేమన్నా తగిలిందా?" అని వినబడింది. అల్లుడు తనతోనే మాట్లాడుతున్నాడని అమ్మ కంగారుపడి కంట్రోలర్ వదిలేసింది. నా బొమ్మ వెళ్ళి చెరువులో పడింది. ఆయన వెంటనే దూకి ఒడ్డుకి చేర్చడం చూసి అమ్మ, మంచివాడేనే అంది.

ఆషాఢం గాలులకి కరెంటు పోతూ ఉండేది. మా ఇంట్లో కరెంటు పోతే జనరేటర్ ముందు చెరువుల్లో రొయ్యలకి గాలి అందించే చక్రాలకి, తరువాతే మనుషులకి. నా కన్సోల్ చెప్పాపెట్టకుండా చచ్చిపోయేది. ఆయనకి యూపీయస్ ఉంది, బాధ లేదు. ఒక రోజు చాలాసేపటికి కరెంటు వచ్చింది. ఆయన వెళ్ళిపోయి ఉంటారనుకుంటూనే తెరిచాను. మా దీవి ఇంటి గుమ్మంలో వానలో తడుస్తూ నిలబడి ఉన్నారు. వెళ్ళలేదా అంటే, వస్తావు కదా అన్నారు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

అయినా గుబులు మాత్రం పోలేదు. ఆటలో ఉన్నంతసేపూ ఆయన ఏదో ఒకటి అడుగుతూనే ఉండేవారు. పైకప్పు ఎలా వేయాలి, పడవకి తాడు ఎక్కడ దొరుకుతుంది, మేకలు పారిపోకుండా ఏం చేయాలి. నేను పంతులమ్మలా విసుక్కుంటూ, పీసీ ఉంటే సరిపోదండి అంటూ, వివరంగా చెప్పేదాన్ని. ఆట కట్టేసి ఫోన్ చేస్తే మళ్ళీ, తిన్నావా. ఈయనకి కావాల్సింది ఆటే గానీ నేను కాదేమో అనిపించి ఏడుపొచ్చేది.

శ్రావణం రాగానే కొవ్వూరు వచ్చేశాను. ఆదివారం ఆయన పైగదిలో పీసీ మీద గుడ్డ తీసి కూర్చుంటే, పక్కన స్టూలు వేసుకున్నాను. ఆట తెరవగానే దీవుల పేర్లు వరసగా కనబడ్డాయి. మా దీవి కింద ఇంకొకటి ఉంది. అదేంటంటే ఏం లేదన్నారు. ఏం లేకపోతే మౌస్ ఎందుకంత గట్టిగా పట్టుకున్నారని లాక్కుని తెరిచాను.

దీవి కాదది, పట్నం. రేవులో పడవలు, వరసగా పెంకుటిళ్ళు, వీధి దీపాలు, గోపురం, ఏటి మీద కమానుల వంతెన. అందులో సగం వస్తువులు నేనెన్నడూ చూడనివి. ఆడేవాళ్ళే తయారుచేసి పంచుకునే అదనపు సామగ్రి అట, పీసీలోకి మాత్రమే వస్తుందట. అది పెట్టుకున్న దీవిలోకి నా కన్సోల్ రాలేదట. అందుకని ఏళ్ళ తరబడి కట్టుకున్నదాన్ని పక్కనపెట్టి, నా కోసం ఉత్త దీవి ఒకటి మొదలుపెట్టారు.

ఇంత కట్టిన మనిషి నన్ను చెట్టు ఎలా కొట్టాలని అడిగారు. నా పంతులమ్మ వేషమంతా గుర్తొచ్చి మొహం కందిపోయింది.

"చెట్టు కొట్టడం కూడా రాదన్నారు కదండీ?"

"రాదనలేదు. ఎలా అని అడిగానంతే."

నేను పోట్లాటకి సిద్ధమవుతుంటే ఆయన తెర వైపు చూస్తూనే మెల్లగా అన్నారు.

"ఫోన్‌లో ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. ఆటలో అయితే ఒకటి అడిగితే నువ్వు పది చెబుతావు. ఆ కాసేపూ నీ మాట వింటూ కూర్చోవచ్చని."

కోపం ఎటు పోయిందో పోయింది. నెలన్నరగా నన్ను తినేస్తున్న ప్రశ్నకి, నేను అడగకుండానే జవాబు దొరికింది. ఈయన నన్ను ఇష్టపడ్డారు. నా వాగుడుతో సహా ఇష్టపడ్డారు. కళ్ళు తుడుచుకుని, తెర మీద వంతెన చూపించాను.

"ఈ కమానులు పడిపోకుండా ఎలా నిలబెట్టారండి?"

అది నాకూ తెలుసు. ఆయన కుర్చీ నా వైపు జరుపుకుని, మొదటి స్తంభం దగ్గర నుంచి చెప్పడం మొదలుపెట్టారు. కింద నుంచి అత్తగారు భోజనానికి పిలిచేదాకా చెబుతూనే ఉన్నారు. నేను ఒక్కసారి కూడా అడ్డం రాలేదు.