దేవ్లా జల్లించిన మట్టి

ములకలపల్లి అడవి వాచరు దేవ్లాకు మనిషి ముఖం గుర్తుండదు, అడుగే గుర్తుంటుంది. ఎదురుగా నిలబడి నమస్తే పెట్టినా ముందు కాళ్లవైపు చూసి, "ఓ, బాబూరావా!" అంటాడు. జంతువుల అడుగులు పడేందుకు అడవిబాట మీద మెత్తని మట్టి జల్లించి పరచడం అతని ఉద్యోగం. ఊళ్లో ప్రతి గడప ముందూ పరచడం అతని పిచ్చి.

"బాబూరావ్, మీ బామ్మర్ది వచ్చిండు గదా? ఇంక పోలే."

"నీకెట్ల ఎరుక?"

"వచ్చిన అడుగులున్నయి, పోయినవి లేవు."

"ఊరంతల నా బాధ నీకొక్కనికే తెల్సింది కాకా!"

కొత్త బీట్ ఆఫీసర్ సంగీత జంతువుల లెక్కింపు నేర్చుకుంటున్నది ఇతని దగ్గరే.

"ఎన్ని దుప్పులు మేడం?"

"పన్నెండు."

"పన్నెండు అడుగులు. దుప్పి ఒక్కటే. అటు పోయింది, ఇటొచ్చింది. మీరు దాన్ని మందను చేసిండ్రు!"

"మరెట్ల గుర్తుపట్టాలె?"

"ప్రతి జీవి నడకల ఒక వంకర ఉంటది. వంకర దొరికితే జీవి దొరికినట్టే."

దేవ్లాతో ఆడిన ఈ నాలుగు మాటలే సంగీతకు రోజంతటికీ మాటలు. పొయ్యిలోకి అడవి పుల్లలు తెచ్చుకునే ఊరు, కేసు రాస్తారని భయం. ఖాకీ బట్టలు కనిపిస్తే పక్కసందులోకి తప్పుకునేది. రెండు నెలలైనా ఆమె క్వార్టరు ముందు మట్టిలో ఆమె అడుగులు తప్ప మరొకటి లేదు. కుక్కయినా తొక్కలేదు. చివరికి బదిలీ దరఖాస్తు రాసుకుంది.

"సోమవారం పది గంటల బస్సుకు కొత్తగూడెం పోయి ఇచ్చొస్త కాకా."

దేవ్లా ఆమె కాళ్లవైపు చూశాడు.

మర్నాటినుంచి వింత మొదలైంది. ఆమె ఆఫీసు నుంచి వచ్చేసరికి గడపదాకా చెప్పుల గుర్తులు! ఒకరోజు హవాయి చెప్పులు, ఒకరోజు మడమ అరిగినవి, ఇంకోరోజు పువ్వుల అచ్చువి.

"మీరు లేనప్పుడు మస్తుమంది వచ్చిపోతున్నట్టుంది మేడం," అన్నాడు దేవ్లా, ఎన్నడూ లేనిది ఆకాశం చూస్తూ.

సోమవారం సంగీత సంచి భుజాన వేసుకుని బయల్దేరింది. గడప ముందు మళ్లీ కొత్త గుర్తులు. అలవాటుకొద్దీ టేపు తీసి కూర్చుంది. పాతవి, కొత్తవి అన్నీ కొలిచింది. ఐదు రకాల చెప్పులు. ఐదింటిలోనూ ఎడమ పాదం బయటికి తిరిగి ఉంది. అదే పొట్టి అంగ.

నేరుగా దేవ్లా ఇంటికి పోయింది. అరుగు మీద ఐదు జతలూ వరసగా ఉన్నాయి.

"లెక్క తప్పు కాకా. జీవి ఒక్కటే."

దేవ్లా ఎడమ కాలు వెనక్కి దాచుకున్నాడు. "పట్టిండ్రా? అయితే మీరు పాసు."

"ఎందుకు కాకా గిట్ల?"

"మట్టి గట్ల ఖాళీగుంటే సూడబుద్ధి కాలే బిడ్డా. చెప్పులియ్యిమంటే అందరు ఇచ్చిర్రు. మీ ఇంటికి వాళ్లనే పోండ్రంటే భయపడ్డరు."

సంగీత చెప్పులన్నీ చేతులకెత్తుకుంది. "ఎవరివి ఎవరివో చెప్పు."

మొదటి ఇల్లు శారదది. ఆమె ఉత్త కాళ్లతో కుంటుకుంటూ వచ్చింది. "తెచ్చినవా ముసలోడా! పల్లేరు ముళ్లతోని సచ్చిపోతున్న..." అని, ఎదురుగా ఆఫీసరును చూసి నాలుక కరుచుకుంది. "అయ్యో మేడం! గదిగో, మీ బస్సు పోతున్నది!"

"పోనీ అక్కా. ముందు కాలియ్యి."

సంగీత గడపలో కూర్చుని ఆ కాలు ఒళ్లోకి లాక్కుంది. శారద వెనక్కి గుంజుకోబోయింది.

"కదిలితే కేసు రాస్త," అంది సంగీత, ముల్లు వెతుకుతూ.

శారద కిసుక్కున నవ్వి రెండో కాలు కూడా చాపింది.