మనిషి పట్టని సాళ్ళు

మొన్న ఆదోనిలో బంధువుల పెళ్ళికి పోతే, భోజనాల దగ్గర ఎవరో మా వదిన మీద పాత వేళాకోళం ఎత్తుకున్నారు. చేను పేరు చెబితేనే వణుకుతుందని అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది, నేను మాత్రం నవ్వలేకపోయాను. ఆ వణుకు ఎవరి వల్ల మొదలైందో ఇన్నేళ్ళూ నేను చెప్పలేదు.

ఎనభైల మొదట్లో ఎమ్మిగనూరు దగ్గర మా చేలో మొక్కజొన్నలో అలసంద కలిపి వేసేవాళ్ళం. ఆ ఏడు అన్న కాలికి దెబ్బ తగిలి మంచం పట్టడంతో విత్తే పని నా మీద పడింది. మొక్కజొన్న మోకాలెత్తు వచ్చాకే అలసంద వేయాలనీ, నాలుగు సాళ్ళకొకసారి నడవడానికి ఎడం వదలాలనీ మంచంలోంచే చెప్పాడు. "కాయ కోసేది ఆడోళ్ళప్పా, కాలు పెట్టేసోట నేల కనపడాల" అన్నాడు. తల ఊపాను. కానీ అంతకుముందు వరసగా వానలు మోసం చేయడం చూసినవాణ్ణి. ఈ నేల పదును ఆరిపోతే మళ్ళీ చినుకు పడుతుందో లేదోనన్న భయంతో రెండు విత్తనాలూ ఒకేసారి వేసి, వదలాల్సిన ఎడాల్లో కూడా సాళ్ళు తోలేశాను.

ఆ ఏడు వానలు ఆగలేదు. అలసంద తీగలు మొక్కజొన్నను మించి పెరిగి, సాలుకూ సాలుకూ మధ్య అల్లుకోవడంతో పట్టపగలు కూడా లోపల మసకగా ఉండేది. అడుగు పెట్టాలంటే నాకే గుండె జంకేది.

కాయలు కోయడానికి వచ్చిన వదిన గట్టు మీదే ఆగింది. "ఏమప్పా, ఈడ నేలే కనపడలేదే!" అంది. ఆమె పుట్టిల్లు ఆస్పరి, అక్కడ మాకన్నా వానలు తక్కువ, పైరు మోకాలు దాటదు. "మీ ఆస్పరోళ్ళకు మోకాటి పైరే గదా తెలిసేది, పో వదినా!" అని ఎగతాళి చేశాను. కొంగు బిగించి లోపలికి పోయింది.

కాసేపటికి "పామప్పా!" అని ఒకే ఒక్క కేక. పరుగెత్తాను గానీ నేను విత్తిన చేలో నాకే దారి లేదు. తీగలు కాళ్ళకు చుట్టుకుంటుంటే, ఆకులు మొహం కోస్తుంటే, వదినా వదినా అని పిలుస్తూ తిరిగాను, ఆమె పలకలేదు. చచ్చిపోయిందనే అనుకున్నాను. పైరు విరగదొక్కి ఆమెను బయటికి మోసుకొచ్చేసరికి, కర్ర ఊతంతో అన్న గట్టు మీదికి వచ్చి ఉన్నాడు. సాళ్ళ వైపు చూసి, "ఎడం యాడుందిరా?" అన్నాడు. నేను వదినను మోసుకుంటూ ఊరివైపు పరుగెత్తాను, ఆయన ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆదోని ఆసుపత్రిలో వదిన బతికింది, పాము కరిచిన కాలు మాత్రం ఈడ్చి నడుస్తుంది. ఆస్పరి మనిషి, ఎత్తు పైరు ఎరగదు, చూసుకోకుండా అడుగేసిందని ఊరు తీర్మానించింది. ఆమె ఖండించలేదు, నేనూ ఖండించలేదు.

ఇప్పుడు మా వైపు మొక్కజొన్న ఒక్కటే వేస్తారు, కోతకు యంత్రం వస్తుంది, సాళ్ళలోకి మనిషి దిగే పనే తక్కువ. ఇప్పటి పిల్లలకు అలాంటి భయం చెప్పినా తెలియదు. ఆ రోజు గట్టు మీద ఆమె ఆగినప్పుడు, నాకూ భయంగానే ఉందని ఒక్క మాట అని ఉంటే, కాయలు చెట్టునే వదిలేసి ఇద్దరం ఇంటిదారి పట్టేవాళ్ళమేమో.