పోలీసు కారులో డ్రైవరు

ముబీన్ కువైట్‌లోని సల్వాలో ఒక కువైటీ ఇంటి డ్రైవరు. సొంతూరు రాయచోటి. పన్నెండేళ్లుగా స్టీరింగు పట్టీ పట్టీ, నిలబడ్డా భుజాలు ముందుకే వంగి ఉంటాయి. మధ్యాహ్నం ఇంటి యజమానురాలు, పనివాళ్లంతా మామా అని పిలిచే ఆవిడ, కునుకు తీసే వేళకి తన గదిలో పాత వీడియో గేమ్ ముందు కూర్చుంటాడు. ఆ ఆటలో అతను పోలీసు. ఊరంతా కారులో తిరిగి దొంగల్ని తరమాలి. ముబీన్ మాత్రం ఎర్రలైటు పడితే ఆగుతాడు. అలవాటు చొప్పున ఏదో ఒక ఇంటి గేటు ముందు కారు పెట్టి, ఎవరో ఎక్కాలన్నట్టు ఊరికే కూర్చుంటాడు.

"దొంగ పారిపోతున్నాడు భాయ్, ఆగిపోతావేంటి?" అని విసుక్కుంటాడు వంటమనిషి సత్యనారాయణ. కోనసీమ వాడు. ఈ ఆటలో దాచిన రహస్యాల మీద వచ్చిన వీడియోలన్నీ చూసేశాడు.

"పోనీలేన్నా. వాన్ని పట్టుకొని ఏం జేస్తాం."

నిన్న అలాగే ఇరవై నిమిషాలు ఆగాడు. ఉన్నట్టుండి తెర మీద ఆ ఇంటి గేటు తెరుచుకుంది. ఒక ముసలావిడ పొగలు కక్కే టీ కప్పుతో వచ్చి కారు అద్దం పక్కన నిలబడింది.

"ఇది ఏ వీడియోలోనూ లేదు భాయ్! అంతసేపు ఎవడాగుతాడు?" సత్యనారాయణ లేచి నిలబడ్డాడు.

అంతలో ఫోన్ మోగింది. మామా. "యల్లా, ముబీన్!"

ముబీన్ కారు తాళాలు తీసుకున్నాడు.

"ఒక్క బటనే కదా, టీ పుచ్చుకుని వెళ్లు."

"నొక్కొద్దన్నా," అన్నాడు ముబీన్ చెప్పులేసుకుంటూ. "నేనొచ్చేదాంక ఆయమ్మను నాకోసం ఆగనీ."